పాలపిట్టను చూసిన దుర్బీను

నేనొక గొట్టాన్ని. తిట్టు కాదు, ఉన్నమాటే. జానెడున్నర పొడవు, రెండు చివరలా అద్దాలు, ఒంటినిండా నలుపు, నడుము దగ్గర మూతలున్న రెండు బొడిపెలు. తుపాకి నెత్తినెక్కి కూర్చుని, దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపించడం నా పని. దుకాణంలో నా పేరు రైఫిల్ స్కోపు. నన్ను కన్నబిడ్డలా చూసుకున్న బేగ్ సాబ్ మాత్రం దుర్బీను అనేవాడు. నాకూ అదే నచ్చింది. స్కోపు అంటే ఏదో మందుసీసా పేరులా ఉంటుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నా కంటి దగ్గరున్న పట్టె తిప్పినకొద్దీ మూడింతలు, ఆరింతలు, తొమ్మిదింతలు పెద్దదిగా చూపిస్తాను. అలవాటు పడిన ప్రాణం. ఈ కథలో పంది దున్నపోతంత, ఈగ పిచ్చుకంత కనిపిస్తే మీరు కోప్పడకూడదు. నేను అబద్ధం ఆడను. ఉన్న నిజాన్ని కొంచెం దగ్గరికి జరుపుతాను, అంతే.

పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవాలనే ఉంది గానీ, ముక్కులకు గుడ్డలు కట్టుకున్న మనుషులు తప్ప నాకేమీ గుర్తులేదు. నా పొట్టలో వెంట్రుకకన్నా సన్నటి గీతలు రెండు అమర్చారు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. లోపలి గాలి తీసేసి, పొగమంచు పట్టకుండా ఏదో పొడి వాయువు నింపారు. ఆఖరున ఒకమ్మాయి నన్ను నీళ్లలో ముంచి, బుడగలొస్తాయేమోనని చూసింది. చంటిపిల్లకు నీళ్లు పోసినంత శ్రద్ధగా ముంచింది. బుడగ రాలేదు. తుడిచి పెట్టెలో పడుకోబెట్టింది. నా బాల్యం అంతటితో సరి.

నా మొదటి యజమాని చంద్రహాస రావు గారు. హైదరాబాదులో పెద్ద కంట్రాక్టరు, ఊరి బయట తోట, తోటలో విందులు, విందులో తుపాకి. నన్ను తుపాకి మీద ఎవరు బిగించాలన్న చర్చ వస్తే, "ఇందులో ఏముంది, నాలుగు స్క్రూలే కదా!" అని తనే కూర్చున్నారు. అద్దం కంటికి ఎంత దగ్గరుంటే అంత బాగా కనబడుతుందని ఆయన లెక్క. కళ్లజోడుకైతే ఆ లెక్క సరిపోతుంది. కళ్లజోడు వెనక్కి తన్నదు, తుపాకి తంతుంది. నాకూ కనుబొమకూ మధ్య బెత్తెడు ఎడం ఉండాలి. ఆయన బొటనవేలు పట్టేంత కూడా ఉంచలేదు.

గోడ మీద పుచ్చకాయను పెట్టి కాల్చారు. పుచ్చకాయకు ఏమీ కాలేదు. తుపాకి వెనక్కి తన్నింది, నా అంచు వెళ్లి ఆయన కనుబొమ మీద నెలవంక గీసింది. నెత్తురు కారింది. ఆ గాటు గురించి మొదటి విందులో అడిగినవాళ్లకు "చిరుతపిల్ల గోరు తగిలింది" అన్నారు. తరువాతి విందులో పిల్ల పోయి చిరుత మిగిలింది. సంక్షేపంగా చెబుతున్నాను, ఏడాది తిరిగేసరికి అది పెద్దపులి అయింది. నాకన్నా ఎక్కువ పెద్దది చేసి చూపించే సరుకును నేను చూడటం అదే మొదటిసారి. కానీ పులి పంజాను ఎదురుగా పెట్టుకుని కథ చెప్పడం కష్టం కదా, అందుకని నన్ను తీసుకెళ్లి తుపాకుల దుకాణంలో వదిలేశారు.

అక్కడే నన్ను ఖుద్రత్ అలీ బేగ్ చూశాడు. నిజామాబాదు మనిషి, బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. మెడలో ఈల ఇంకా ఉంది. పంటలు పాడుచేసే అడవిపందులను కొట్టడానికి సర్కారు అనుమతి ఉన్న షికారీ. చుట్టుపక్కల ఏ ఊళ్లో పందులు చేలో పడ్డా ఆయనకు కబురు వచ్చేది.

నన్ను ఇంటికి తీసుకెళ్లాక ఆయన చేసిన తతంగం చూసి నాకు పెళ్లికొడుకునైనట్టు అనిపించింది. ముందు తుపాకిలో తూటా లేదని చూశాడు. చూసినది చాలక చిటికెన వేలు పెట్టి తడిమాడు. తూటాను లోపలికి నెట్టే బోల్టును ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇప్పుడిది దుడ్డుకర్ర," అన్నాడు. అప్పుడు గానీ స్క్రూల మీద చెయ్యి వెయ్యలేదు. నన్ను పట్టి ఉంచే రెండు ఇనప కడియాలలో నూనె చుక్కయినా లేకుండా తుడిచాడు. కళ్లు మూసుకుని తుపాకి భుజానికెత్తి, కళ్లు తెరిచి, నిండు చందమామలా వృత్తం కనబడేదాకా నన్ను ముందుకీ వెనక్కీ జరిపాడు. తాపీమేస్త్రి దగ్గర అడిగి తెచ్చిన దారపు గుండును ఎదుటి గోడకు వేలాడదీసి, నా నిలువుగీత ఆ దారంతో కలిసేదాకా తిప్పాడు. అయ్యాక నా మీద నుంచి కన్ను తీసి, "నువ్వు నిటారుగ ఉంటేనే నేను నిటారుగ ఉంట," అన్నాడు. నాతో అలా మాట్లాడిన మొదటి మనిషి.

ఇక్కడ ఒక సంగతి మీకు తెలియాలి. తుపాకి అంటే రెండు గొట్టాల కాపురం. కింది గొట్టం గుండును పంపుతుంది, పై గొట్టం, అంటే నేను, చూపును పంపుతాను. ఇద్దరం వేర్వేరు చోట్ల నుంచి బయలుదేరి దూరంలో ఒకే చుక్క దగ్గర కలవాలి. కలవడానికే నా నడుము మీద ఆ బొడిపెలు. ఒకటి పైకీ కిందికీ, రెండోది అటూ ఇటూ, టిక్కు టిక్కుమని తిరుగుతాయి. కలిశామా, ఆ కాపురం చల్లన. కలవలేదా, చూసేది ఒకచోట, తగిలేది మరోచోట. మనుషుల కాపురాల్లో అయితే కంచాలు పగులుతాయి. మా కాపురంలో పగిలేవి వేరు.

ఆ ఏడు దసరా ముందు జిల్లేడుకుంట నుంచి కబురొచ్చింది. ఊరంతా మక్క, అంటే మొక్కజొన్న, కోసేశారు, ఒక్క పోశవ్వ చేను మాత్రం నిలబడి ఉంది. పోశవ్వకు భర్త లేడు, ఉన్నదల్లా ఆ చేనూ, ఊరంతటికీ సరిపడే నోరూ. కూలీలు పండుగ అయిపోయిన రెండోనాడు గానీ రామన్నారు. కోసిన చేలల్లో ఏమీ దొరకని పందులు మందగా పోశవ్వ చేను మీద పడ్డాయి. తిన్నది కొంత, తొక్కింది అంతకు రెండింతలు. చేను నడుమ గిరక తిరిగినట్టు ఒక జాగా ఖాళీ చేసి పెట్టాయి. కూలీలు వచ్చేదాకా ఆ మక్క నిలవాలి. బేగ్ సాబ్ చెయ్యాల్సింది అదే.

మేము నడిపి గంగారాం ఇంట్లో దిగాం. అన్నదమ్ముల్లో నడిమివాడు కాబట్టి ఆ పేరు. ట్రాక్టరున్న మనిషి, పానాలూ, స్క్రూలు తిప్పే ఆలెన్ కీలూ ఉన్న మనిషి, ఊళ్లో ఏది ఊడినా బిగించే మనిషి. మంచివాడు. ఎంత మంచివాడంటే, ఊడనిదాన్ని కూడా ఊడదీసి బిగిస్తాడు.

దసరా పొద్దున ఆయన బేగ్ సాబ్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సాబ్, ఇయ్యాల ఆయుధాల పూజ. నా ట్రాక్టరు, నాగలి, గొడ్డలి అన్ని పెడుతున్న. నీ తుపాకి గూడ పెట్టుకుందునా? ఇంట్ల ఆయుధముండి పూజ జెయ్యకపోతే బాగుండదు."

"పెట్టుకో గంగారాం భాయ్. గని ఒక్క మాట," అంటూ సాబ్ బోల్టు ఊడదీసి తూటాల సంచితో పాటు జేబులో వేసుకున్నాడు. "ఇగ పసుపు పెడతవో, పూలు పెడతవో నీ ఇష్టం."

అంతవరకూ ఏ తప్పూ లేదు. గంగారాం భార్య జమున వచ్చి ట్రాక్టరు టైరుకు నిమ్మకాయ, నాగలికి పసుపు, నాకు ముందరి అద్దం మీద సరిగ్గా నడిమిలో కుంకుమ బొట్టు పెట్టింది. దేవుడికి మూడో కన్నుంటే తప్పులేదు గానీ, నాకున్నది ఒకటే కన్ను, అదీ మూసుకుపోయింది.

మధ్యాహ్నం సాబ్ భోంచేసి, నమాజు చేసుకుని, లోపలి గదిలో కునుకు తీశాడు. ఊరంతా పాలపిట్టను వెతుక్కుంటూ పొలిమేరకు బయలుదేరింది. దసరానాడు పాలపిట్టను చూడకుండా ఇంటికొస్తే ఆ ఏడు కలిసిరాదని వాళ్ల నమ్మకం. ఆ పిట్టకేమో దసరానాడే ఎక్కడలేని బిగువు. ఎంత వెతికినా కనబడదు. ఆఖరికి వాగు అవతల కరెంటు తీగ మీద ఏదో కూర్చుని ఉంది. నీలంగా ఉందని కొందరు, నల్లగా ఉందని కొందరు.

"పాలపిట్టే," అన్నారు ఒకరు.

"కాకి. నీకు కాకి గూడ నీలంగనే కనవడ్తది, పొద్దుగాలనే తాగినవ్," అంది పోశవ్వ.

తగువు ముదిరింది. గంగారాం మెదడులో దీపం వెలిగింది. "ఆగుండ్రి! ఇంట్ల దుర్బీనున్నది!"

అయితే తుపాకితో సహా తెచ్చి పాలపిట్ట వైపు ఎక్కుపెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. పండుగపూట ఆ పిట్టకు తుపాకి చూపిస్తారా, పాపం కాదూ! ఎంత పద్ధతైన మనిషో చూడండి. ఆలెన్ కీ తీసి, ఒక్కొక్క స్క్రూ విప్పి, నన్ను తుపాకి నుంచి వేరుచేసి, కుంకుమ తుడిచి, కొత్త కండువాలో చుట్టుకుని పొలిమేరకు తెచ్చాడు.

నా జన్మలో అంత గౌరవం మళ్లీ జరగలేదు. ఊరు ఊరంతా వరసలో నిలబడింది. మొదటివాడు నన్ను తిరగేసి పట్టుకుని, "పిట్ట ఇంకింత దూరం పోయింది!" అని అరిచాడు. గంగారాం సరిగ్గా తిప్పి పెట్టాడు. అప్పుడు చూపించాను చూడండి, తొమ్మిదింతలు, నీలిరెక్కలు, గోధుమరంగు గుండె, తల కొంచెం వాల్చి మమ్మల్నే చూస్తున్న పాలపిట్ట! గరుత్మంతుడంత ఉందంటే అతిశయోక్తి అనుకుంటారు గానీ, వరసలో ఉన్నవాళ్లను అడగండి. పోశవ్వ వంతు వచ్చేసరికి ఆమె ఒక చేత్తో నన్ను పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి దండం పెట్టింది. "నా తల్లీ, నా మక్క నాకు దక్కెటట్టు సూడు," అంది. నేను ఆమె కంటికీ పిట్టకీ మధ్యలో ఉన్నాను కాబట్టి ఆ దండంలో కొంత నాకూ తగిలింది.

ఇంటికొచ్చాక గంగారాం నన్ను మళ్లీ బిగించడానికి కూర్చున్నాడు. నా ఒంటి మీద కడియం రాసుకుని సన్నటి గీత పడింది. సాబ్ చూస్తే బాధపడతాడేమో! ఆయనకు జాలేసింది. పాత సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి, వెనక కడియం కింద మెత్తగా పరిచాడు, చిన్నపిల్ల కాలికి చెప్పు తొడిగినట్టు. దాని మీద నన్ను పడుకోబెట్టి, ట్రాక్టరు బోల్టు బిగించినట్టు ఒకపక్క స్క్రూ మొత్తం బిగించి, తరువాత రెండోపక్క బిగించాడు. నా నడుం కొంచెం మెలిక పడింది. వెనకభాగం లేచింది. వెనకభాగం లేస్తే నా చూపు కిందికి వాలుతుంది. నా చూపుతో గురిచూస్తే కింది గొట్టం పైకి లేస్తుంది. జమున అంతలో వచ్చి, అయ్యో బొట్టు పోయిందని మళ్లీ పెట్టింది.

సాబ్ నిద్రలేచి నన్ను చూసి పగలబడి నవ్వాడు. "అరె, దీనికి కంట్లనే బొట్టు పెట్టిన్రు! పూజ అయ్యిందా?"

"అయ్యింది సాబ్," అన్నాడు గంగారాం. చెప్పాల్సింది ఇంకేమైనా ఉందని ఆయనకు తోచనే లేదు. విప్పాడు, బిగించాడు, లెక్క సరిపోయింది కదా! సాబ్ మెత్తటి గుడ్డతో నా కన్ను తుడిచాడు. బొట్టు తప్ప మరేమీ జరగలేదనుకున్నాడు. నాకు నోరుంటే ఊరు అదిరేలా అరిచేవాణ్ణి. నాకున్నది కన్ను మాత్రమే.

పొద్దు వాలుతుండగా చేను దగ్గరికి వెళ్లాం. సాబ్ ఊరివాళ్లందరినీ నిలబెట్టి ఈల ఊదాడు. "చేన్ల ఒక్క మనిషి ఉండొద్దు. మంచె ఖాళీగ ఉండాలె. ఎవ్వలింటికాడ వాళ్లు ఉండాలె. అర్థమైందా?" అందరూ తలూపారు. అందరికన్నా గట్టిగా పోశవ్వ ఊపింది.

సాబూ గంగారామూ చేను గట్టున ఉన్న నీళ్ల మోటరు కొట్టం పైకప్పు మీద కూర్చున్నారు. అక్కడి నుంచి కిందికి కాలిస్తే గుండు చేను మట్టిలో దిగిపోతుంది, ఎక్కడికీ పోదు. బోల్టు ఎక్కింది, తూటా లోపలికి వెళ్లింది. కాసేపటికి మక్క గలగలమంది. పందులు తొక్కి చదును చేసిన జాగాలోకి ఒక మగపంది వచ్చింది.

ఎంత పంది అనుకున్నారు! దున్నపోతు దాని ముందు మేకపిల్ల. సరే, నేను చూపించే లెక్కలో చెబుతున్నాను. కోరలు కొడవళ్లలా ఉన్నాయి. కంకిని నోట కరుచుకుని తీరిగ్గా నములుతోంది.

సాబ్ నన్ను దాని భుజం మీద పెట్టాడు. నా రెండు గీతలూ కలిసే చోట పంది భుజం ఉంది. కింది గొట్టం పందిని చూడటం లేదు. అది ఎటు చూస్తోందో నాకు తెలుసు, పంది వీపు మీదుగా, పైపైకి, అవతలనున్న మంచె మీదికి. మంచె కాళ్లు నా వృత్తంలో కనబడుతున్నాయి. పైన తడిక సందులోంచి ఒక చీరకొంగు వేలాడుతోంది. ఖాళీ మంచెకు కొంగు ఉండదు. సాబ్ చూపంతా పంది మీదే ఉంది, ఆ కొంగు నేనొక్కణ్ణే చూశాను. ఆయన వేలు ట్రిగ్గరు మీదికి వచ్చింది. ఊపిరి బిగించాడు.

నేను గాజుముక్కను. గాజుముక్క ప్రార్థిస్తే ఎవరు వింటారు?

సాబ్ వేలు ఆగింది. ఒక కన్ను మూసుకుని, మళ్లీ చూశాడు. మంచె కాళ్లు నిటారుగా ఉన్నాయి. నా నిలువుగీత వాటి పక్కన తాగినవాడిలా ఒరిగి ఉంది. ఆయన వేలు తీసేశాడు. బోల్టు వెనక్కి లాగాడు. తూటా బయటికొచ్చి అరచేతిలో పడింది.

"సాబ్, కొట్టు సాబ్! నిలవడ్డది సాబ్!" గంగారాం గుసగుసలాడాడు.

"కొట్ట."

"ఎందుకు?"

"గీత వంకరున్నది."

"గీత వంకరుంటే ఏంది, పంది సక్కగనే ఉన్నది గద సాబ్!"

సాబ్ జవాబు చెప్పేలోపు మంచె మీద నుంచి అరుపు వినబడింది. "ఓ సాబూ! నిద్రవోయినవా ఏంది? పంది నీ ముంగట్నే కూసోని బువ్వ తినవట్టె, కొట్టవేంది?"

పోశవ్వ తడిక మీద లేచి నిలబడింది. చేతిలో డబ్బా, డబ్బా మీద కొట్టడానికి కర్ర. పంది కంకిని నోట్లోనే ఉంచుకుని మక్కలో దూరింది. సాబ్ ముఖం నేను ఎప్పుడూ చూడనంత తెల్లబడింది.

కొట్టం దిగి ఆయన నేరుగా మంచె దగ్గరికి వెళ్లాడు. "మంచె ఎక్కొద్దన్ననా లేదా, అవ్వా?"

"నా మంచె, నా చేను. నా మక్క తిన్న పంది కూలుతుంటే కండ్లార సూద్దామనుకున్న. నువ్వు సూపియ్యకపోతివి." ఆమె కొంగు దులిపింది. "గీత వంకరున్నదట! గీత సక్క జేసుకునే దాక పంది ఆగుతదా? దానికి జెప్పి వచ్చినవా?"

ఊరివాళ్లు ఒక్కొక్కరే చేరారు. షికారీ అంటే ఇట్లుండాలె అని ఒకడు, పందికి దండం పెట్టి పంపిండు అని ఒకడు. సాబ్ నన్ను మొహానికి దగ్గరగా తీసుకుని కడియాలు చూశాడు. వెనక కడియం కింద నల్లటి అంచు ఒకటి బయటికి వచ్చి ఉంది. గోరుతో గీకాడు. వాసన చూశాడు.

"గంగారాం భాయ్, నా తుపాకికి పంచరెప్పుడైంది?"

గంగారాం నేల చూశాడు. "పాలపిట్ట సాబ్... గీత పడ్డదని... మెత్తగుంటదని..." అంటూ ఒక్కొక్కటే బయటపెట్టాడు. ఊళ్లో నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే వరసలో నిలబడి పిట్టను చూడనివాడు ఆ గుంపులో ఒక్కడూ లేడు. పోశవ్వ కూడా మరోవైపు తిరిగి, "నేను జరసేపే సూసిన," అని గొణిగింది.

మర్నాడు పొద్దున ఊరంతా, రోడ్డుకు పరిచే మొరం తవ్వుకుపోయిన గుట్ట దగ్గర చేరింది. గుట్ట తవ్వగా మిగిలిన గోడ నిలువుగా ఉంది, గుండు ఎంత దూరం పోయినా దాన్ని దాటదు. దాని ముందర సిమెంటు సంచి వేలాడదీసి, జమున చేత నడిమిలో పెద్ద కుంకుమ బొట్టు పెట్టించాడు సాబ్. "నిన్న నా కంట్ల పెట్టినవ్, ఇయ్యాల సరైన జాగల పెట్టు బిడ్డా," అన్నాడు. అందరినీ తన వెనక వరసలో నిలబెట్టి, ముందుకు అడుగు వేసినవాడి మీద ఈల ఊదాడు. డ్రిల్లు మాస్టరుకు చాలా రోజుల తరువాత తరగతి దొరికినట్టుంది.

తుపాకిని వడ్లబస్తాల మీద కదలకుండా పడుకోబెట్టి, బోల్టు ఊడదీశాడు. అలా ఊడదీస్తే వెనక నుంచి చూసినప్పుడు తుపాకి గొట్టంలోంచి అవతలి వెలుతురు కనబడుతుంది.

"ముందు దుర్బీన్ల జూడు," అన్నాడు గంగారాంతో. "ఏం కనవడ్తుంది?"

"బొట్టు. నడుమ నడుమ."

"జరగొద్దు. ఇప్పుడు గొట్టంల జూడు."

గంగారాం వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "సంచి లేదు సాబ్."

"మరేమున్నది?"

"గుట్ట కొస. తంగేడు చెట్టు." లేచి నిలబడ్డాడు. గుట్ట కొస సంచికి రెండు నిలువుల ఎత్తున ఉంది.

"నిన్న పంది ఎనుక ఏముండె, గంగారాం?"

గంగారాం తిరిగి పోశవ్వ వైపు చూశాడు. పోశవ్వ వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ముందు నాలోంచి చూసింది, తరువాత గొట్టంలోంచి చూసింది. మళ్లీ నాలోంచి చూసింది. ఆమె ఊపిరి నా అద్దం మీద ఆవిరై పట్టింది.

"గా గుండు నా మీదికే అచ్చుండె గదా," అంది.

ఆమె అక్కడే మొరం మీద చతికిలబడింది. ఊరంతటికీ సరిపడే నోరు కాసేపు మూతబడటం జిల్లేడుకుంట చరిత్రలో అదే మొదలంటారు. తరువాత తేరుకుని గంగారాం వైపు తలెత్తింది.

"ఓరి నడిపోడా! మధ్యాన్నం పాలపిట్టను సూపిచ్చి, పొద్దుగూకంగ యముణ్ని సూపియ్యబోతివి గదరా!"

గంగారాం కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. సాబ్ ఆలెన్ కీ తీసి ఆయన చేతికే ఇచ్చాడు.

"నేను బిగియ్య సాబ్. నా చేతులు మంచియి కావు."

"విప్పిన చేతులే బిగియ్యాలె. నేను జెప్త, నువ్వు చెయ్యి. ట్యూబు ఫస్టు తీసి పారెయ్."

ఈసారి గంగారాం ఆలెన్ కీ పట్టుకున్న తీరు వేరు. కడియాలు పొడిగుడ్డతో తుడిచాడు. గాడిలో నన్ను పూర్తిగా కూర్చోబెట్టాడు. ఒక స్క్రూ కొంచెం, ఎదురు స్క్రూ కొంచెం, మళ్లీ మొదటిది, బండి చక్రం నట్లు బిగించినట్టు నిదానంగా. దారానికి రాయి కట్టి చెట్టుకు వేలాడదీసి నా నిలువుగీతను సరిచేశాడు. "ఇగ చాలు, ఇంక బిగిస్తే దాని నడుం విరుగుతది," అని సాబ్ అనేదాకా ఆలెన్ కీ వదల్లేదు. మళ్లీ ఇద్దరూ గొట్టంలోంచీ నాలోంచీ మార్చి మార్చి చూసి, బొడిపెలు తిప్పి, బొట్టు రెండింటిలోనూ ఒకే చోట కనబడేట్టు చేశారు. అప్పుడు గానీ సాబ్ బోల్టు పెట్టలేదు.

కాల్చాడు. గుట్ట దద్దరిల్లింది. గుండు సంచి అడుగున తగిలింది. ఇంకోటి, ఇంకోటి, అన్నీ అక్కడే పక్కపక్కన. సాబ్ పైబొడిపె మూత తీసి టిక్కు టిక్కున తిప్పాడు.

"గుండు కిందికి పోతున్నది గదా సాబ్, మరి పైకి తిప్పుతున్నవేంది?" అని గంగారాం అడిగాడు.

"గుండు ఎటు పోయిందో అటు కాదు భాయ్, ఎటు పోవాలెనో అటు తిప్పాలె." మళ్లీ కాల్చాడు. ఈసారి బొట్టులో చిల్లి పడింది. జమున చప్పట్లు కొట్టింది. నాకూ కింది గొట్టానికీ కాపురం మళ్లీ కుదిరింది.

ఆ సాయంత్రం మోటరు కొట్టం మీద ఇద్దరూ కూర్చున్నారు. మంచె ఖాళీ. ఈసారి నిజంగా ఖాళీ, ఎందుకంటే పోశవ్వ ఎక్కకుండా జమున ఆమెను ఇంట్లో కూర్చోబెట్టుకుని గారెలు తినిపించింది. చూశారు, చూశారు. చీకటి పడింది. మక్క గలగలమనలేదు. పొద్దుటి నుంచి గుట్టలో మోగిన మోతకు పందులు మూటాముల్లె సర్దుకుని ఎటో వెళ్లిపోయాయి. వాగు దాటిపోవడం చూశామని గొర్లకాపరులు చెప్పారు. నేను చూసింది కాదు కాబట్టి ఎన్ని పందులో చెప్పలేను. చూసుంటే వేలల్లో చెప్పేవాణ్ణి.

మర్నాడు కూలీలు వచ్చారు. పొద్దు తిరిగేసరికి చేను ఖాళీ అయింది, పోశవ్వ వాకిట్లో మక్కకంకుల కుప్ప ఆమెకన్నా ఎత్తు లేచింది. ఇది నేను పెద్దది చేసి చెప్పింది కాదు, మామూలు కంటికి కూడా అంతే ఉంది.

మేము బయలుదేరుతుంటే పోశవ్వ సంచినిండా కంకులు తెచ్చి సాబ్ స్కూటరుకు తగిలించింది. తగిలిస్తూ ఊరుకుంటే ఆమె పోశవ్వ ఎందుకవుతుంది?

"పేరుకు షికారివి. ఒక్క పందినన్న కొట్టకపోతివి."

"నిన్ను గూడ కొట్టలే గదా, అవ్వా," అన్నాడు సాబ్.

ఆమె పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ స్కూటరు హ్యాండిలు పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. సాబ్ స్కూటరు స్టార్టు చెయ్యకుండా అట్లాగే ఆగాడు. ఆమె చెయ్యి తీసేదాకా ఆగాడు.

ఇప్పుడు నేను పోలీసుస్టేషను వెనకగదిలో ఉన్నాను. భయపడకండి, నేరం ఏమీ చెయ్యలేదు. ఎన్నికలొస్తే లైసెన్సున్న తుపాకులన్నీ తెచ్చి ఇక్కడ అప్పగిస్తారు, ఓట్లు లెక్కపెట్టాక తీసుకుపోతారు. గదిలో నా వంటివాళ్లు చాలామంది గోడకు ఆనుకుని ఉన్నారు. పని లేకపోతే ఏం చేస్తారు, గొప్పలు చెప్పుకుంటారు. మూలనున్న జోడుగొట్టాల ముసలి తుపాకి తన యజమాని తాతల నాడు పులిని పడగొట్టానంటుంది. దాని పక్కది రెండు పులులంటుంది. నిన్న నా వంతు వచ్చింది. దున్నపోతంత పంది గురించి చెప్పాను, కోరలు కొడవళ్లలా ఉన్నాయన్నాను, మక్క గలగలమన్న సంగతి, సాబ్ ఊపిరి బిగించిన సంగతి కూడా చెప్పాను.

"పడిందా?" అని అడిగింది ముసలి తుపాకి.

"పడలేదు."

"మరి ఎవరు పడ్డారు?"

"ఎవరూ పడలేదు," అన్నాను.

అదేం కథ అని అందరూ విసుక్కున్నారు. నేను ఒక్క ఇంతైనా పెంచకుండా, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.